కొల్లేట్లో బాతులు చూడ్డానికి కొన్న 8×42 బైనాక్యులర్స్, రెండు కార్తీకాలు వాడాక

పోయినేడు దసరా సేల్‌లో తీసుకున్నా, 11 వేలు పడింది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఒకటేమో నేను చెప్పే మంచి మాటల్లో చాలావరకు ఏ సరైన 8×42కైనా వర్తిస్తాయి, రెండోది కింద సర్వీస్ గురించి ఒక కంప్లైంట్ ఉంది. మాది ఆకివీడు, బండి మీద కైకలూరు దగ్గరే కాబట్టి నవంబర్‌లో దాదాపు ప్రతి ఆదివారం ఆటపాక పక్షుల కేంద్రం వైపు పోతా, మధ్యలో చేపల చెరువుల గట్ల మీద కూడా ఆగుతా. అంటే ఇది అన్‌బాక్సింగ్ రివ్యూ కాదు, బురద, మంచు, పడవ, అన్నీ చూసిన బైనాక్యులర్స్ ఇవి.

ముందు పాతదాని సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొనేవాళ్ళందరూ అక్కడే దెబ్బ తింటారు. ఆన్‌లైన్‌లో 1,200కి ఒకటి కొన్నా, దానిమీద 30×60 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, చూస్తే చేతిలో పట్టేంత చిన్నది, ముందు అద్దం కొలిస్తే 25 మిల్లీమీటర్లు కూడా లేదు. ఎండలో ఎదురింటి డాబా మీద చూస్తే బాగానే అనిపించింది. తెల్లారకముందే కొల్లేటి గట్టు మీద నిలబడి చూస్తే మాత్రం అంతా బూడిద రంగు ముద్ద, బాతా, గుర్రపు డెక్క దుబ్బా అన్నది కూడా తెలియలేదు. పక్షులు బాగా తిరిగేదే ఆ టైంలో కదా, అప్పుడు పనికిరానిది ఇంకెప్పుడు పనికొస్తుంది?

ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఇది తెలిస్తే షాపులో ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యలేరు. 8×42లో 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. రెండో నంబర్‌ని మొదటిదాంతో భాగించండి, 5.25 వస్తుంది, మన కంటికి చేరే వెలుగు వలయం సైజు అది. మసక వెలుతురులో మన కంటిపాప కూడా ఇంచుమించు అంతే తెరుచుకుంటుంది. అదే 10×25 అయితే 2.5 మాత్రమే. పైగా 42 అద్దం పట్టే వెలుగు 25 అద్దం పట్టేదానికి దాదాపు మూడు రెట్లు. అందుకే అదే గట్టు, అదే మంచు, ఈసారి పక్షుల కోసం వేసిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) ఒక్కొక్కటీ విడివిడిగా కనపడ్డాయి, వాటి పైముక్కు పొడుగునా వరసగా ఉండే మచ్చలతో సహా. ఆ మచ్చలు పుస్తకంలో బొమ్మ కోసం వేశారేమో అనుకునేవాణ్ణి అప్పటిదాకా.

మరి 10×42 ఎందుకు తీసుకోలేదని అడుగుతారు, నేనూ అదే కొందామనుకున్నా. ఫ్రెండ్ దగ్గరున్నది పడవలో అరగంట వాడి చూశాక మనసు మార్చుకున్నా. పది రెట్లు దగ్గరగా చూపిస్తే చేతి వణుకు కూడా పది రెట్లు అవుతుంది, నేల మీద సర్దుకోవచ్చు గానీ పడవ ఊగుతుంటే బాతు అద్దంలో పైకీ కిందకీ ఎగురుతూనే ఉంటుంది. ఇంకోటి, 8లో చూపు వెడల్పు ఎక్కువ, నాదాని డబ్బా మీద 1000 మీటర్ల దూరంలో 129 మీటర్లని రాసుంది, గుంపు లేచినప్పుడు దాంతోపాటే తిప్పుకుంటూ పోవచ్చు. ట్రైపాడ్ మీద పెట్టుకునేవాళ్ళకి 10 బాగుంటుందేమో, నాకు మాత్రం 8.

ఇప్పుడు అసలు పరీక్ష, నవంబర్ బాతులు. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. పుస్తకాల్లో మగ బాతులకి ఆకుపచ్చ తల, తెల్ల రొమ్ము, నానా రంగులుంటాయి, ఆ బొమ్మ మనసులో పెట్టుకుని కార్తీకంలో కొల్లేటికెళ్తే కనపడేవన్నీ గోధుమ రంగు ఆడ బాతులే అనిపిస్తుంది. పిల్లలు పెట్టే కాలం అయిపోయాక మగవి రెక్కల ఈకలన్నీ ఒక్కసారే రాల్చుకుంటాయి, కొన్ని వారాలు అసలు ఎగరలేవు, ఆ రోజుల్లో ఎవరి కంటా పడకుండా ఉండాలని రంగులు కూడా తీసేసి ఆడవాటిలాగే మారిపోతాయి. ఉత్తరాన్నుంచి ఇక్కడికి దిగేసరికి చాలావాటికి ఇంకా ఆ వేషమే ఉంటుంది, సంక్రాంతికి గానీ పూర్తిగా తేరుకోవు, గార్గనీ అనే చిన్న బాతులయితే ఇంకా ఆలస్యం. మొదటి సీజన్లో నా నోట్‌బుక్ నిండా ‘ఆడ టీల్’ (టీల్ కూడా ఓ చిన్న బాతే) అనే ఉంది, ఇప్పుడు చూస్తే సగానికి పైగా తప్పులే.

రంగు వదిలేసి ఆకారం పట్టుకోవాలి, దానికి అంచులు స్పష్టంగా కనపడే అద్దం కావాలి, ఈ బైనాక్యులర్స్‌కి నేను డబ్బులు పెట్టింది అందుకే. షోవలర్ అనే బాతు ముక్కు చివర గరిటెలా వెడల్పు, ముక్కు నీళ్ళ మీద ఆనించి గుండ్రంగా తిరుగుతూ తింటుంది, దాన్ని ఎంత దూరాన్నుంచైనా చెప్పెయ్యొచ్చు. పిన్‌టెయిల్‌ది సన్నటి పొడుగు మెడ, ముక్కు బూడిద రంగు. గాడ్వాల్ ముక్కు పక్కల నారింజ రంగు, లేచినప్పుడు రెక్క వెనకంచున తెల్ల గడి మెరుస్తుంది. అన్నిటికంటే నన్ను ఏడిపించింది గార్గనీ, టీల్ జంట, రెండూ చిన్నవే, రెండూ గోధుమవే. గార్గనీ మొహం మీద చారలు గట్టిగా ఉంటాయి, కంటి మీదుగా ఒక నల్ల గీత, దాని కింద చెంప మీద ఇంకోటి, ముక్కు మొదట్లో లేత మచ్చ. టీల్ మొహం సాదా, దాని తోక పక్కన సన్నటి లేత గీత చూసుకోవాలి. వంద మీటర్ల దూరంలో ఆ చెంప గీత చూసి ‘గార్గనీ’ అని ధైర్యంగా రాసుకున్న రోజు నాకు 11 వేలూ వసూలైపోయాయి.

అంత దూరాన్నుంచి గుర్తుపట్టగలగడమే నాకు దీంట్లో పెద్ద సుఖం. చెరువుల దగ్గర పక్షుల్ని తోలడానికి టపాకాయలు కాలుస్తుంటారు, దాంతో బాతులు ఎప్పుడూ బెదురుగానే ఉంటాయి, మనం ఇంకో పది అడుగులు వేస్తే గుంపు మొత్తం లేచిపోతుంది, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చినవాటిని మన ముచ్చట కోసం మళ్ళీ లేపడం పాపం. మా పడవతను కూడా అదే అన్నాడు, “ఆగండి బాబుగారూ, ముందుకెళ్తే లేచిపోతాయి, ఇక్కణ్ణించే చూసుకోండి.” చూశాం, బ్రహ్మాండంగా కనపడ్డాయి. చేపల పట్టుబడి అయిపోయి నీళ్ళు తీసేసిన చెరువైతే ఇంకా మజా, బురదలో గాడ్‌విట్‌లు, స్టిల్ట్‌ల్లాంటి పొడుగు కాళ్ళ పక్షులు దిగుతాయి, గట్టు మీదే కూర్చుని కదలకుండా గంటసేపు చూడొచ్చు.

ఇప్పుడు లోపాలు. కుడి కంటి దగ్గర రెండు కళ్ళ తేడా సరిచేసుకునే రింగు ఆరు నెలలకే లూజయింది, జేబులోంచి తీసినా, మెళ్ళో ఊగినా తిరిగిపోతుంది, బొమ్మ మసకేస్తుంది, కొత్తవాళ్ళయితే అద్దమే పోయిందనుకుంటారు. సర్వీస్‌కి పంపితే 40 రోజులు పెట్టుకుని అలాగే తిప్పి పంపారు, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. చివరికి సరిగ్గా సెట్ చేసుకుని చుట్టూ టేప్ వేశా, అదే నడుస్తోంది. స్ట్రాప్ కూడా సన్నది, మెడ కోసేస్తుంది, భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ విడిగా కొనుక్కోండి. కళ్ళద్దాలున్నవాళ్ళు రబ్బరు కప్పులు పూర్తిగా కిందకి తిప్పి చూడండి, నాకు అంచులదాకా కనపడింది. వానకి ఏమీ కాలేదు, లోపల ఆవిరి పట్టలేదు. తొమ్మిదిన్నర, పది దాటాక నీళ్ళ మీద గాలి వేడెక్కి బొమ్మంతా వణుకుతుంది, అది అద్దం తప్పు కాదు, లక్ష రూపాయలదైనా అంతే, సర్దుకుని ఇంటికెళ్ళిపోవడమే. అద్దానికి 5కి 5, సర్వీస్‌కి 1.

మొన్న కార్తీక సోమవారం గుడికి వెళ్ళొస్తూ అమ్మని కూడా గట్టు మీద ఆపా. ఆవిడకి తెల్లగా ఉన్నదల్లా కొంగే. బైనాక్యులర్స్ ఇచ్చి దగ్గర్లో ఉన్న చిన్న కొంగ కాళ్ళు చూడమన్నా. కాసేపు మధ్యలో ఫోకస్ చక్రం తిప్పుకుంది, తర్వాత “ఒరేయ్, నల్లటి కాళ్ళకి పాదాలమటుకే పసుపు రాసుకున్నట్టుందిరా ఇది” అంది. లిటిల్ ఈగ్రెట్‌ని అంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పదు. పక్కనున్న పెద్దదాని పాదాలు కూడా నల్లగానే ఉన్నాయని తనే కనిపెట్టింది, ఇంకో అరగంట నాకు తిరిగివ్వలేదు. ఆవిడకి ఇది బరువు, చేతులు లాగుతున్నాయంది, అందుకని ఇప్పుడు తేలిగ్గా ఉండే 8×32 ఒకటి చూస్తున్నా, పెద్దవాళ్ళకి కొనిచ్చి వాడినవాళ్ళెవరైనా ఉంటే ఎలా ఉందో చెప్పండి, జనవరిలో నీటిపక్షుల లెక్కింపు మొదలయ్యేలోపు తెప్పించాలి.