పారిస్, బార్సిలోనా, రోమ్: జేబుదొంగలు ఎక్కడ కాచుకుంటారు

యూరప్ యాత్రలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన సమయం విమానం దిగినప్పటి నుంచి హోటల్ గది చేరేదాకా. నిద్ర ఉండదు, రెండు చేతులా పెట్టెలు, ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఉంటుంది. అందుకే ఖర్చు పెట్టాల్సింది ముందు అక్కడే.

పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి నగరంలోకి వెళ్లే ఆర్‌ఈఆర్ బి లోకల్ రైలు టికెట్ 2025లో మనిషికి 13 యూరోలు. అదే ఏడాది టాక్సీకి నిర్ణీత ఛార్జీ సెయిన్ నది కుడి ఒడ్డుకు 56, ఎడమ ఒడ్డుకు 65 యూరోలు. ఆ లెక్కన నలుగురికి రైలుకే 52 అవుతుంది కాబట్టి పెద్దవాళ్లు వెంట ఉంటే టాక్సీయే మేలు. అయితే టెర్మినల్ లోపల "టాక్సీ, టాక్సీ" అని పలకరించేవాళ్ల వెంట వెళ్లకండి. బయట బోర్డున్న క్యూలో, పైన లైటున్న కారే ఎక్కండి. ఇద్దరే అయితే రైలు చాలు. గార్ దు నార్ స్టేషన్ దగ్గర గదులు చౌకే గానీ, అదే రైలులో ఇంకొంచెం ముందుకెళ్తే వచ్చే దాన్‌ఫేర్ రోష్‌రో స్టేషన్ పరిసరాలు ప్రశాంతంగా ఉంటాయి, రైలు మారే పనీ లేదు. టికెట్ మెషీన్ దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లు డబ్బు తీసుకుని పిల్లల టికెట్ చేతిలో పెడతారు. తనిఖీలో జరిమానా మీకు పడుతుంది.

మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఫోన్ చూడొద్దు. తలుపులు మూసుకునే మోత వినగానే ఫోన్ లాక్కుని దూకేస్తారు, రైలు మిమ్మల్ని తీసుకుని వెళ్లిపోతుంది. సాక్రే కేర్ చర్చి మెట్ల కింద చేతికి దారం కట్టేవాళ్లుంటారు. ముడి పడ్డాక డబ్బు అడుగుతారు కాబట్టి చేతులు జేబులో పెట్టుకుని ఆగకుండా నడవండి. సంతకం పెట్టమని అట్ట చాపే అమ్మాయిల విషయంలో చూడాల్సింది ఆ అట్టనే: దాని కింద ఇంకో చెయ్యి మీ బ్యాగు జిప్పు తీస్తుంటుంది.

బార్సిలోనా రాంబ్లా వీధిలో బయటి టేబుల్ మీద ఫోన్ పెట్టొద్దు. దాని మీద కాగితం పరిచి, కాగితంతో పాటే ఎత్తేస్తారు. చొక్కా మీద ఏదో పడిందని తుడవబోయేవాళ్లకూ దూరంగా జరగండి. రోమ్‌లో టెర్మిని రైల్వే స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు కిక్కిరిసి వస్తే వదిలేసి తర్వాతిది ఎక్కండి.

ఫోరెక్స్ కార్డులు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డులు) రెండు తీసుకుని ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే మెడ నిండా స్కార్ఫ్ కప్పుకోండి. పాస్‌పోర్టు బట్టల లోపలి పౌచ్‌లో ఉండాలి, వెనక జేబులో కాదు. పోతే ముందు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ప్రతి తీసుకోండి, తర్వాత భారత రాయబార కార్యాలయం. అక్కడిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ భారత్‌కు తిరిగి రావడానికే పనికొస్తుంది, మిగిలిన దేశాలు చూడడానికి కాదు. అత్యవసరానికి యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటా 112.