ఆన్ కాని టీవీ: సర్క్యూట్ డయాగ్రమ్ వెతకడం మేలా, బోర్డు మార్చడం మేలా?

రిమోట్ నొక్కినా, సెట్టు మీది బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేని ఎల్ఈడీ టీవీకి ఇంట్లో చేయగలిగిన వైద్యం మూడు రకాలు: డయాగ్రమ్ సంపాదించి పాడైన పార్టు పట్టుకోవడం, అదే నంబరు బోర్డు తెచ్చి మార్చడం, చాలా రకాల టీవీలకు సరిపడేలా బజార్లో దొరికే యూనివర్సల్ బోర్డు పెట్టడం. వారంటీ ఉంటే మూడూ వద్దు, స్క్రూ కూడా విప్పొద్దు. ప్యానెల్ (తెర) పగిలి ఉంటే రిపేరు లెక్క గిట్టుబాటు కాదు.

చాలామంది ముందు డయాగ్రమ్ కోసమే వెతుకుతారు. నన్నడిగితే అది రెండో పని. అసలు ఏ బోర్డు పోయిందో తేల్చడానికి డయాగ్రమ్ అక్కర్లేదు. కరెంటు సప్లై ఇచ్చే పవర్ బోర్డు నుంచి, బొమ్మా సౌండూ చూసుకునే మెయిన్ బోర్డుకు వెళ్లే కనెక్టర్ పక్కనే చాలా సెట్లలో 5వీఎస్‌బీ (5 వోల్టుల స్టాండ్‌బై), పీఎస్ ఆన్ (ఆన్ కమ్మని మెయిన్ బోర్డు పంపే సిగ్నల్), 12వీ, 24వీ అని అచ్చువేసి ఉంటుంది. స్టాండ్‌బై వోల్టేజీ (సెట్టు ఆన్ కాకముందే ఉండాల్సింది, 5 లేదా 3.3 వోల్టులు) మల్టీమీటర్‌లో కనిపించకపోతే తప్పు దాదాపుగా పవర్ బోర్డుదే. అయితే మెయిన్ బోర్డులో షార్టు ఉన్నా అది పడిపోతుంది కాబట్టి ఆ కనెక్టర్ పీకేసి ఇంకోసారి చూడాలి. స్టాండ్‌బై ఉండి, ఆన్ నొక్కినా పీఎస్ ఆన్ పిన్ను మీద వోల్టేజీ మారకపోతే మెయిన్ బోర్డు వైపు చూడాలి. సౌండ్ వస్తూ బొమ్మ లేకపోతే టార్చి వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే పోయింది ప్యానెల్‌కు వెనక నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైటు.

ఒక జాగ్రత్త. ప్లగ్ తీసినా పవర్ బోర్డు మీద చార్జ్ నిల్వచేసే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు దాటిన చార్జ్ మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయడం మొరటు పని, బల్బుతోనో రెసిస్టర్‌తోనో దించాలి. కరెంటు ఉండగా కొలిచే అలవాటు లేనివాళ్లు ఇక్కడే ఆగి మెకానిక్‌ని పిలవడం మంచిది.

పోయింది పవర్ బోర్డే అని తేలితే, అది విడి బోర్డు అయితే, నా ఓటు మార్చడానికే. మోడల్ పేరుతో కాకుండా బోర్డు మీది నంబరుతో వెతకాలి. శాంసంగ్ పవర్ బోర్డుల మీద బీఎన్44తో, ఎల్‌జీ వాటి మీద ఈఏవైతో మొదలయ్యే నంబర్లుంటాయి. చివరి అక్షరం దాకా కలిసేలా చూసుకోవాలి. ఒకే సైజు టీవీల్లోనూ ప్యానెల్ మారితే బ్యాక్‌లైటు కరెంటు మారుతుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో వెతికినా, ఆన్‌లైన్‌లో వెతికినా చేతిలో ఉండాల్సింది ఆ నంబరు ఫొటోనే.

ఈమధ్య చౌక సెట్లలో పవర్, మెయిన్, బ్యాక్‌లైటు డ్రైవర్ అన్నీ ఒకే బోర్డు మీద వస్తున్నాయి. అక్కడ నా లెక్క తిరగబడుతుంది. బోర్డు మారిస్తే దాని సాఫ్ట్‌వేర్ మన ప్యానెల్‌కు సరిపోవాలి, లేకపోతే బొమ్మ తలకిందులుగానో రంగులు చెడిపోయో వస్తుంది. కాబట్టి ఉన్నదాన్నే బాగుచేయడం మేలు, డయాగ్రమ్ అప్పుడు నిజంగా పనికొస్తుంది. అది దొరక్కపోయినా స్టాండ్‌బై ఐసీ (చిప్) నంబరు చదివి దాని డేటాషీట్ (తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) తెరిస్తే, అందులోని నమూనా సర్క్యూట్ మన బోర్డుకు చాలావరకు దగ్గరగా ఉంటుంది. ఫ్యూజు నల్లబడి పోయి ఉంటే బ్రిడ్జి, మాస్‌ఫెట్ (ఏసీని డీసీగా మార్చేది బ్రిడ్జి, స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్ మాస్‌ఫెట్) షార్టయ్యాయేమో చూడాలి. ఊరికే ఫ్యూజు మార్చి స్విచ్ వేస్తే కొత్తదీ పోతుంది. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెడితే ఆ బాధ ఉండదు. ఫ్యూజు బాగానే ఉండి, పెద్ద కెపాసిటర్ మీద 320 వోల్టుల దాకా వస్తూ 5 వోల్టులు రాకపోతే ఐసీకి సప్లై ఇచ్చే చిన్న కెపాసిటర్‌ని ముందు అనుమానించాలి. పైకి ఉబ్బకుండానే లోపల ఎండిపోతుందది. పోతే ఖర్చు కొద్ది రూపాయలే. ఒక్క మాట, ప్రైమరీ వైపు (మెయిన్స్ కరెంటు నేరుగా ఉండే వైపు) కొలిచేటప్పుడు నల్ల ప్రోబు ఆ పెద్ద కెపాసిటర్ నెగటివ్‌కే పెట్టాలి, లోహపు ఫ్రేము అయిన ఛాసిస్‌కి పెడితే వచ్చే రీడింగు తప్పు.

యూనివర్సల్ బోర్డు నా దృష్టిలో ఆఖరి దారి. 5 వోల్టుల ప్యానెల్‌కు బోర్డు మీద వోల్టేజీ ఎంచే జంపర్ చూసుకోకుండా 12 వోల్టులు ఇస్తే ప్యానెల్ కూడా పోతుంది. పాత యాప్‌లు, మెనూలు ఎలాగూ ఉండవు. పాత సెట్టు, అసలు బోర్డు ఎక్కడా దొరకడం లేదు, కేబులు వస్తే చాలు అనుకుంటే అప్పుడు సరే, అది కూడా ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరు షాపువాడికి చూపించాకే.