హెడ్డన్ బ్లాక్ బ్యూటీ: వెదురు బద్దల గాలపు కర్రను ఏళ్లుగా వాడాక

న్యూయార్క్ రాష్ట్రంలోని బీవర్‌కిల్ ఏటిలో ట్రౌట్ చేపల కోసం ఏళ్లుగా నేను పట్టుకెళ్తున్నది హెడ్డన్ కంపెనీ గాలపు కర్ర 17వ నంబరు, బ్లాక్ బ్యూటీ. ఎనిమిదిన్నర అడుగుల పొడవు, మూడు ముక్కలు, అదనంగా మరో కొస ముక్క. మిషిగన్‌లో తయారైంది. హెడ్డన్‌కు చెక్క ఎరలతోనే పేరొచ్చింది గానీ, కర్రలకూ అంత పేరు రావలసింది.

చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెరిగే టాంకిన్ వెదురును చీల్చి, ఒక్కో బద్దను త్రికోణంగా చిత్రికపట్టి, ఆరింటిని జిగురుతో అతికిస్తారు. బలమంతా పైపెచ్చును ఆనుకున్న నారలోనే ఉంటుంది కాబట్టి లోపలి మెత్తటి భాగాన్నే చెక్కుతారు. కణుపులన్నీ ఒకేచోట పడకుండా బద్దలను జరుపుతారు. నా కర్ర మీద గోరు జరిపితే అతుకు ఎక్కడుందో తెలియదు! టాంకిన్‌కు ముందు, 19వ శతాబ్దంలో, అమెరికా పనివారు వాడింది మన కలకత్తా రేవు నుంచి వెళ్లిన వెదురే. 1950లో చైనా సరకు మీద అమెరికా నిషేధంతో టాంకిన్ ఆగిపోయింది. ఆ ఖాళీలోకి ఫైబర్‌గ్లాస్ వచ్చింది.

గ్రాఫైట్‌కు, అంటే ఇప్పటి తేలికైన కార్బన్ నార కర్రలకు, అలవాటుపడిన చెయ్యి దీనితో తొందరపడుతుంది. వెనక్కి వేసిన దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. ముప్ఫై, నలభై అడుగుల దూరంలో ఫ్లై, అంటే పురుగులా కట్టిన ఎర, నీటి మీద వాలే తీరుకు సాటి లేదు. చేప గుంజినప్పుడు కొస మెత్తగా వంగి సన్నటి దారాన్ని తెగనివ్వదు. ఎదురుగాలిలోనూ దూరపు విసురులోనూ గ్రాఫైటే నయం. వెదురుకు బరువు కూడా ఎక్కువే, సాయంత్రానికి మణికట్టు లాగుతుంది.

జాగ్రత్తలన్నీ ఆ నిర్మాణం నుంచే వస్తాయి. ముక్కలను కలిపే లోహపు గొట్టాలను, అంటే ఫెరూల్‌లను, ఎప్పుడూ మెలితిప్పకూడదు. ఆ మెలి బద్దల అతుకు మీద పడుతుంది. నేరుగా తోసి, నేరుగా లాగాలి. బిగుసుకుపోతే కర్రను మోకాళ్ల వెనక అడ్డంగా పెట్టి, ఫెరూల్‌కు చెరోవైపు పట్టుకుని, మోకాళ్లను పక్కలకు తెరిస్తే ఊడివస్తుంది. లోపలి మురికిని స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడుస్తాను. గ్రీజు మాత్రం వద్దు, దుమ్మును పట్టేస్తుంది.

తడి ఆరకుండా గొట్టపు పెట్టెలో పెడితే వార్నిష్ బుడగలెత్తుతుంది, వెదురు నీరు పీలుస్తుంది. పాత కర్రల్లో చాలావాటికి వాడింది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు. తేమకూ వేడికీ అది లొంగిపోతుంది. వేసవిలో కారు డిక్కీలో ఉంచవద్దని చెప్పేది ఇందుకే. గోడకు ఆనించినా వంపు తిరుగుతుంది. నేను గుడ్డ సంచిలో పెట్టి నిలువుగా వేలాడదీస్తాను. రెండు కొసలను మార్చి మార్చి వాడతాను. పెద్ద చేప పడితే కర్రను తిరగేసి పడతాను, వంపు ఒకవైపే స్థిరపడకుండా.

కొనేటప్పుడు ముక్కలన్నీ ఒకే పొడవున్నాయో లేదో చూడండి. ఒక కొస పొట్టిగా ఉంటే విరిగి అతుకు వేయించినదే కావచ్చు. ముక్కలు కలిపి మెల్లగా ఊపండి. టిక్కుమంటే ఫెరూల్ వదులైనట్టే. వార్నిష్ పగిలినా, కర్రకు చుట్టిన పట్టుదారం రంగు వెలిసినా వెనకాడకండి, వాటిని మళ్లీ చేయించుకోవచ్చు.