చెట్ల ఫోటోల క్లాసు: మొదటి ఆదివారానికి వందకి వంద, రెండోదానికి సున్నా

మా అనంతపురంలో ఒక స్టూడియో ఆయన ఆదివారాలు పొద్దున్నే చెట్ల ఫోటోలు తీయడం నేర్పిస్తున్నాడని వాట్సాప్‌లో చూసి చేరాను. రెండు ఆదివారాలకి 1200 రూపాయలు, వ్యాను ఖర్చు అందులోనే, టిఫిన్ ఎవరిది వాళ్లదే. స్టూడియో పేరు రాయడం లేదు, కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. మొదటి ఆదివారం ఒక్కదానికే ఆ డబ్బంతా ఇచ్చేయొచ్చు, రెండో ఆదివారానికి మాత్రం ఆయనే నాకు ఎదురు ఇవ్వాలి.

నా దగ్గరున్నది పాత కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ (18లో ఎక్కువ మేర పడుతుంది, 55కి తిప్పితే దూరానివి దగ్గరగా కనిపిస్తాయి). నా బాధ ఏంటంటే, చీకటితోనే లేచి వెళ్తాను, వెలుతురు బాగుంటుంది, చెట్టూ బాగుంటుంది, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే మాత్రం కొమ్మలూ తీగలూ వెనకాల కొండా అన్నీ కలిసిపోయి గజిబిజిగా కనిపిస్తాయి. మంచి లెన్స్ కొంటే బాగుపడతాయేమో అనుకుంటూ రెండేళ్లు గడిపాను.

మొదటి ఆదివారం బుక్కరాయసముద్రం చెరువు వైపు తీసుకెళ్లాడు. జనవరిలో ఇక్కడ సూర్యుడు కనిపించేది ఆరూ నలభై దాటాకే, అయినా పావు తక్కువ ఆరుకే మమ్మల్ని ఒక ఒంటి చింతచెట్టు దగ్గర దించేశాడు. అందరం గబగబా కెమెరాలు బయటికి తీశాం. "అవి లోపల పెట్టండప్పా, ముందు చెట్టు చుట్టూ తిరిగి రాండి, యాడ నిలబడితే చెట్టు ఒంటరిగా కనబడతాదో చూడండి" అన్నాడు. గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేసినట్టు చలిలో ఇరవై నిమిషాలు తిరిగాం. డబ్బులు కట్టి నడవడానికి వచ్చానా అని నాకు ఒళ్లు మండింది.

తర్వాత నేను తీసిన మొదటి ఫోటో చూసి, "బాగుంది గానీ, చెట్టుకి కరెంటు స్తంభం మొలిచింది కదప్పా" అన్నాడు. చూస్తే నిజమే, కొమ్మల్లోంచి స్తంభం పైకి లేచి ఉంది, పైగా వెనక కొండ అంచు సరిగ్గా చెట్టు తల మీదుగా అడ్డంగా పోతోంది. నేను జూమ్ తిప్పబోయాను. ఆయన నా భుజం పట్టుకుని ఎడమ వైపు నాలుగడుగులు నడిపించాడు, స్తంభం కాండం వెనక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు కింద కూర్చోమన్నాడు. వేరుశనగ పీకేసిన చేను, మంచుకి తడిసిన ఎర్రమట్టి, ప్యాంటు పాడైపోయింది అనుకోండి, కానీ కూర్చునే కొద్దీ కొండ కిందికి దిగిపోయి చెట్టు తల మొత్తం ఖాళీ ఆకాశంలోకి వచ్చేసింది. లెన్స్ మార్చలేదు, సెట్టింగ్ ముట్టుకోలేదు. రెండేళ్ల టెన్షన్ అక్కడే సగం దిగిపోయింది.

జూమ్ అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగేదని మాత్రమే అనుకునేవాడిని. అదే చెట్టుని దగ్గర నిలబడి 18లో ఒకసారి, బాగా వెనక్కి పోయి 55లో ఒకసారి, రెండింట్లో చెట్టు ఒకే సైజు వచ్చేటట్టు తీయించాడు. మొదటిదాంట్లో కొండ ఎక్కడో చిన్న గుట్టలా ఉంది, రెండోదాంట్లో చెట్టు వెనకే వచ్చి నిలబడినంత పెద్దగా ఉంది. అంటే కొండ ఎంత పెద్దగా కావాలో తేల్చుకున్నాకే నిలబడే చోటు వెతుక్కోవాలి, జూమ్ తిప్పేది ఆ తర్వాతే.

ఎండ పడ్డాక వెలుతురు గురించి చెప్పాడు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుంటే చెట్టు చదునుగా అట్టముక్కలా వస్తుంది, పైగా పొద్దున మన నీడే పొడుగ్గా ఫ్రేమ్‌లోకి వచ్చి పడుకుంటుంది. పక్క నుంచి వెలుతురు పడేటప్పుడు చింత బెరడు పగుళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఎదురు వెలుతురులో అయితే ఆకులు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి, కాకపోతే ఆకాశం చూసి కెమెరా మోసపోయి చెట్టుని నల్లగా చేసేస్తుంది, అలా వద్దనుకుంటే ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి పడే వెలుతురు, మనమే పెంచుకోవాలి. చెరువు మీద మంచు బూడిద రంగులో వస్తున్నా అదే మందు. లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్/16 పెట్టి సూర్యుణ్ణి కాండం అంచున కొంచెమే కనిపించనిస్తే నక్షత్రంలా వస్తుందని చూపించాడు, అందరూ దాని మీద పడ్డారు, నాకు మాత్రం అది క్యాలెండర్ బొమ్మలా అనిపించింది. తిరుగుదారిలో ఉగ్గాణి (మరమరాలతో చేసే టిఫిన్), బజ్జీ తిని పది లోపు ఇంటికొచ్చేశాం.

ఇక రెండో ఆదివారం. తిమ్మమ్మ మర్రిమాను అన్నాడు, 1989లో గిన్నిస్ బుక్కుకి ఎక్కిన చెట్టు, కదిరి దాటి ఇంకా పాతిక కిలోమీటర్లు. మూడున్నరకి రావాల్సిన వ్యాను ఐదింటికి వచ్చింది. చేరేసరికి ఎండ చుర్రుమంటోంది, పొద్దున వెలుతురు కోసం వెళ్లి పట్టపగలు దిగాం. సరే, వ్యాను సంగతి వదిలేసినా, అసలు చిక్కు వేరే ఉంది. ఆ మాను దాదాపు ఐదెకరాలు పరుచుకుని, వెయ్యికి పైగా ఊడలు దించుకుని ఉంది. దాని చుట్టూ తిరిగి ఒంటరిగా కనబడే చోటు ఎక్కడని వెతుకుతారు? మొదటి వారం చెప్పింది ఏదీ అక్కడ పనికిరాదు, ఆయన వేరేగా ఏమీ ఆలోచించుకుని రాలేదు. పద్నాలుగు మందిని ఒకే ఊడ ముందు నిలబెట్టాడు, పద్నాలుగు మందికీ ఒకే ఫోటో వచ్చింది.

నేను పక్కకి పోయి నా తంటాలు నేను పడ్డాను. ఆకుల సందుల్లో తెల్లగా మండే ఆకాశం ఫ్రేమ్‌లోకి రాకుండా కెమెరా కిందికి వంచి, ఊడలు గుడి స్తంభాల్లా వరసగా కనిపించే చోట ఆగాను. దూరంగా ఒక ముసలాయన ఆకులు చిమ్ముతున్నాడు, ఆయన రెండు ఊడల మధ్య ఖాళీలోకి వచ్చేదాకా ఆగి నొక్కాను. ఆ మనిషి లేకపోతే అవి ఎంత లావు ఊడలో ఫోటో చూసినవాళ్లకి తెలిసే దారే లేదు. ఆ రోజు దక్కింది అదొక్కటే.

ఫోన్‌తో తీసేవాళ్లు కూడా నిక్షేపంగా చేరొచ్చు, వెనకదాన్ని మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వాడకండి, సన్న కొమ్మల అంచులు చెరిపేస్తుంది. కూర్చోడానికి ఒక గోనెసంచి తీసుకెళ్లండి. సగం డబ్బు తిరిగివ్వమని ఆయన్ని అడిగితే, "డబ్బులెందుకప్పా, వచ్చే బ్యాచ్‌లో మర్రిమానుకి ఊరికే రా" అన్నాడు. వెళ్తాను, కానీ ఆ వ్యాను ఎక్కను, ముందురోజే కదిరి పోయి పడుకుంటా.