రెజాంగ్ నది మీద అమ్మతో: ఇబాన్ల పొడవింట్లో రెండు రాత్రులు

అమ్మది నరసాపురం. గోదావరి గట్టు మీద పెరిగిన మనిషి. కౌలాలంపూర్‌లో మా ఇంటికి వచ్చి రెండు నెలలైనా మాల్స్ తప్ప ఏమీ చూపించలేదని సణుగుతుంటే, డిసెంబరు మొదట్లో ఐదు రోజులు సెలవు పెట్టి బోర్నియో దీవిలోని సారవాక్‌కి తీసుకెళ్ళాను. అదీ మలేషియా రాష్ట్రమే. అయినా మేము దిగిన సీబు ఊరి ఎయిర్‌పోర్టులో మళ్ళీ పాస్‌పోర్టు చూసి ముద్ర వేస్తారు. మనకే కాదు, కౌలాలంపూర్ నుంచి వచ్చే మలేషియా వాళ్ళకీ అక్కడ ఇమిగ్రేషన్ ఉంటుంది.

ముందు ఒక టూర్ కంపెనీలో 'తలల వేటగాళ్ళ ఇంట్లో ఒక రాత్రి' అనే ప్యాకేజీ బుక్ చేశాను. బయల్దేరడానికి మూడు రోజుల ముందు ఫోన్ చేసి, నలుగురు లేకపోతే రెట్టింపు కట్టాలన్నారు. రద్దు చేసుకుంటే అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. ఆ చిరాకులో ఆఫీసులో చెప్పుకుంటే, పక్క సీటు కుర్రాడు, ఒకప్పుడు తలల వేటకు పేరుపడ్డ సారవాక్ ఇబాన్ తెగవాడు, నవ్వి "మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళు" అన్నాడు. ఇబాన్ మగపిల్లలు ఊరు వదిలి దూరాలు పోయి సంపాదించుకు రావడాన్ని బెజలాయ్ అంటారు. పూర్వం అడవుల్లోకి, సముద్రం మీదికి పోయేవాళ్ళు. ఇప్పుడు చమురు బావులకీ, సింగపూర్‌కీ, మా ఆఫీసుకీ వస్తున్నారు. కోనసీమ నుంచి గల్ఫ్‌కి పోయినట్టే.

సీబుకి ఒక్క రోజు చాలు. 1901లో చైనాలోని ఫుజౌ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. తర్వాత రెండేళ్ళకు హూవర్ అనే అమెరికన్ మెథడిస్టు మిషనరీ వచ్చి చర్చీలూ బడులూ పెట్టాడు, రబ్బరు సాగుకూ ఊతమిచ్చాడు. పొద్దున్నే పొయ్యి గోడకు అంటించి కాల్చే కొంపియా రొట్టెలు వేడిగా తినండి, చల్లారితే బండరాళ్ళే. రేవుకి నడిచి వెళ్ళేంత దూరంలో హోటల్ తీసుకోవడం మంచి పని అయింది, పడవలు తెల్లవారుజామునే మొదలవుతాయి.

సీబు నుంచి నది ఎగువన ఉన్న కపిట్ ఊరికి ఎక్స్‌ప్రెస్ పడవ మూడు గంటలు. రెక్కలు ఊడదీసిన విమానంలా ఉంటుంది. లోపల ఏసీ గడ్డకట్టిస్తుంది, టీవీలో ఆగకుండా ఫైటింగులు. అమ్మకు శాలువా తీసుకెళ్ళకపోవడం నా తప్పు. కిటికీలోంచి కనబడే రెజాంగ్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది, దుంగలు కొట్టుకొస్తున్నాయి. 560 కిలోమీటర్ల పైచిలుకు పొడవుతో మలేషియాలో ఇదే పెద్ద నది. "మన వరద గోదారి ఇంతకన్నా ఎర్రన" అని అమ్మ తీర్పు చెప్పేసింది. ఈ మధ్య కపిట్‌కి రోడ్డు కూడా పడింది. పెద్దవాళ్ళతో వెళ్తే వెళ్ళేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు కారు మేలు. రేవులో తడి పలక మీద నడవడం అమ్మకు నిజంగా కష్టమైంది.

కపిట్‌లో మా హోటల్ గది చెమ్మ వాసన. ఏసీ నీళ్ళు మంచం మీదికే కారాయి. మంచం జరిపి పడుకున్నాం. ఊళ్ళో చూడాల్సింది మాత్రం ఉంది: 1880లో, అప్పట్లో సారవాక్‌ని ఏలిన ఇంగ్లీషు 'తెల్ల రాజా' చార్లెస్ బ్రూక్ కట్టించిన కోట, ఫోర్ట్ సిల్వియా. ఇనుములాంటి బెలియాన్ చెక్కతో కట్టింది. గుమ్మం దగ్గర వరద ఏ ఏడు ఎంతెత్తు వచ్చిందో గీతలున్నాయి. ధవళేశ్వరం గుర్తొచ్చి అమ్మ ఒక్కో గీతా చూసింది. 1924 నవంబరులో ఈ ఊళ్ళోనే ఇబాన్లకూ, బోర్నియోలో డచ్చి వాళ్ళు ఏలిన వైపు నుంచి వచ్చిన కెన్యా, కయాన్ తెగలకూ మధ్య సంధి జరిగింది. తలల వేట అంటూ టూర్ కంపెనీలు అమ్ముకునే సరుకు వందేళ్ళ నాడే రాజీ అయిపోయిన తగాదా అన్నమాట.

అక్కడి నుంచి బాలే నది మీద సన్నటి పొడవాటి పడవలో గంటన్నర ఎగువకి. పొడవిల్లు అంటే ఒకే కప్పు కింద ఊరంతా. 'ఎంత పెద్ద ఊరు' అనరు, 'ఎన్ని తలుపులు' అంటారు. మేము వెళ్ళింది 24 తలుపుల ఇల్లు. ముందంతా రువాయ్ అనే ఉమ్మడి వసారా, వెనక ఒక్కో కుటుంబానికి ఒక్కో వాటా. ఊరికి పెద్దమనిషి పేరే పేరు. ఆయన మారితే ఊరి పేరూ మారుతుంది. చేతులూపుకుంటూ వెళ్ళకూడదని కుర్రాడు ముందే చెప్పాడు. కపిట్‌లో కొన్న బిస్కెట్లు, కాఫీ పొడి, పంచదార పెద్దమనిషి భార్య చాప మీద పోసి 24 కుప్పలు పెట్టింది. ఒక కుప్పలో బిస్కెట్ ప్యాకెట్ తక్కువైతే అన్నీ కలిపేసి మళ్ళీ మొదటి నుంచి పంచింది.

కుర్రాడి అమ్మని మా అమ్మ మొదటి గంటలోనే "వదినా" అనేసింది. భాష ఒక్క ముక్క తెలీదు ఇద్దరికీ. వెదురు బొంగులో వండిన కోడి పెట్టారు, అచ్చం మారేడుమిల్లి బొంగు చికెనే, కారం లేదంతే. తువాక్ అనే బియ్యం కల్లు ఇస్తే అమ్మ వద్దంది. ఆవిడ ఊరుకోలేదు, అమ్మ వేలు పట్టుకుని గ్లాసుకి తాకించి వదిలేసింది. పెట్టినదాన్ని కాదంటే పునీ తగులుతుందట, దారిలో పాము కాటో, మరో ప్రమాదమో. ముట్టుకుంటే చాలు. "దిష్టిలాంటిదేరా" అంది అమ్మ. ప్రార్థన చేసి తినే ఇల్లే అది, గోడ మీద సిలువ కూడా ఉంది.

ఆదివారం ఆరాధన రువాయ్‌లోనే. పాస్టరు పడవలో నెలకోసారి వస్తాడు, మిగతా వారాలు ఊరివాళ్ళే నడుపుకుంటారు. మేము వెళ్ళిన వారం వాక్యం చెప్పింది మిరియాల తోట ఉన్న ఒక నడివయసు ఆవిడ. పక్క చాప మీద మిరియాలు ఆరుతూనే ఉన్నాయి, మధ్యలో కోడి వస్తే ప్రసంగం ఆపకుండానే తోలింది. ఇబాన్ బైబిలు బూప్ కుదుస్ 1988లో వచ్చింది. అందులో దేవుణ్ణి అల్లా తాలా అన్నందుకు 2003లో ప్రభుత్వం నిషేధించి, గొడవయ్యాక వెనక్కి తగ్గింది. సారవాక్‌లో 2020 జనాభా లెక్కల ప్రకారం సగం మంది క్రైస్తవులే. సారవాక్‌లో ఆంగ్లికన్ మిషన్ 1848 నుంచీ ఉన్నా, ఈ ఎగువ ప్రాంతంలో విశ్వాసం గట్టిపడింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

రెండో పాట రాగం అమ్మకు తెలుసు. వాళ్ళు ఇబాన్‌లో పాడుతుంటే ఈవిడ తెలుగులో అందుకుంది. నరసాపురానికి 1830ల్లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు తెచ్చిన రాగమో, ఆ తర్వాత వచ్చిందో నాకు తెలీదు గానీ, చరణాలు ఒకే చోట ముగిశాయి. ఒక ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మెడ మీద, భుజాల మీద పాత పచ్చబొట్లు. ఫోటో తీయబోతే అమ్మ నా చెయ్యి కిందికి నొక్కేసింది.

బస సంగతి: వసారాలో చాప, దోమతెర. స్నానం నదిలో, లేదా వెనక కుళాయి దగ్గర. మరుగుదొడ్డి శుభ్రం. ఫోన్ సిగ్నల్ లేదు, డబ్బు కపిట్‌లోనే తీసుకోండి. ఒక్క రాత్రికి వెళ్తే మర్యాదలే చూస్తారు, రెండో రోజుకి గానీ మనుషులు మామూలు పనుల్లో పడరు. ఆదివారం కలిసొచ్చేలా చూసుకోండి.

బయల్దేరేటప్పుడు కుర్రాడి అమ్మ సంచీ నిండా దబాయ్ పండ్లు ఇచ్చింది. నల్లగా, పెద్ద నేరేడుపండ్లలా ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే వెన్నలా మెత్తబడతాయి, ఉప్పు అద్దుకుని తినాలి. నీళ్ళు వేడెక్కువ కాకూడదని మూడుసార్లు చెయ్యి ముంచి చూపించింది. సీబు హోటల్‌కి రాగానే అమ్మ కెటిల్‌లో సలసలా కాగిన నీళ్ళు పోసేసింది. అన్నీ గట్టిపడిపోయాయి.

"వదిన చెప్పింది కదమ్మా" అన్నాను.

"ఆవిడ ఇబాన్‌లో చెప్పిందిరా" అంది.