మిక్సర్ నుంచి కంప్యూటర్‌కి: రెండు వైర్లా, ఎనిమిదా?

పోయిన శ్రీరామనవమికి మల్కాజిగిరిలో మా భజన బృందం కార్యక్రమాన్ని రికార్డు చేశాను. ఇద్దరు గాయకులు, హార్మోనియం, తబలా, వయొలిన్, తాళాలు. మిక్సర్ మెయిన్ అవుట్ (అన్ని శబ్దాలూ కలిసి స్పీకర్లకి వెళ్లే చోటు) నుంచి రెండు వైర్లు లాగి రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌లో (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) పెట్టేశాను. హాల్లో బ్రహ్మాండంగా వినిపించింది. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తబలా పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది!

తప్పు తబలాది కాదు. చిన్న హాలు కదా, తబలా మైకు లేకపోయినా వినబడుతుంది. అందుకని దాని ఫేడర్ (మిక్సర్ మీద శబ్దం పెంచే, తగ్గించే మీట) బాగా దించేశాం. మెయిన్ అవుట్‌లో ఉండేది ఆ దించిన తబలానే. అన్నీ కలిసిపోయి రెండు ట్రాకులయ్యాక అందులోంచి తబలాని ఒక్కదాన్నే పైకి లేపడం ఎవరి తరం?

ఈ పద్ధతి పనికిరాదని అనను. ఖర్చు తక్కువ, జ్ఞాపకానికి దాచుకోవడానికి చాలు. ఒక్క జాగ్రత్త: ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకి వాడే మూడు పిన్నుల) కేబుల్‌ని ఇంటర్‌ఫేస్ కాంబో సాకెట్‌లో (ఆ పిన్నులూ, పెద్ద జాకూ రెండూ పట్టేది) పెడితే చాలావాటిలో సిగ్నల్ మైక్ ప్రీఆంప్‌లోకి (మైకు సన్నని సిగ్నల్‌ని పెంచే భాగం) పోయి గొంతులు చిరిగిపోతాయి. పెద్ద జాక్ పెట్టి లైన్ ఇన్‌పుట్‌కి (మిక్సర్ లాంటివాటి బలమైన సిగ్నల్ కోసం ఉన్నది) ఇవ్వాలి.

దసరాకి పద్ధతి మార్చాను. మా మిక్సర్‌లో మైక్ చానళ్లకి ఇన్సర్ట్ జాక్‌లు (ఆ చానల్ సిగ్నల్‌ని బయటికి తీసి మళ్లీ లోపలికి పంపే సాకెట్లు) ఉన్నాయి. సిగ్నల్ అక్కడ గెయిన్ (మైకు సిగ్నల్‌ని మొదట్లోనే పెంచే నాబ్) దాటి, ఫేడర్‌కి ముందు దొరుకుతుంది. అంటే ఫేడర్ ఎంత దించినా రికార్డింగ్‌కి ఏమీ కాదు. గెయిన్ మాత్రం మధ్యలో ముట్టుకోకూడదు. ఈ మాట మిక్సర్ దగ్గర కూర్చునేవాళ్లకి ముందే చెప్పాలి, చెప్పినా ముట్టుకుంటారు. జాక్‌ని సగం దాకా తోసి వదిలే చిట్కా ఉంది గానీ ఎవరి కాలో తగిలి అది పూర్తిగా లోపలికి దిగితే హాల్లో గొంతు ఆగిపోతుంది. అందుకే కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్, స్టీరియో జాక్‌లు కొని, మిక్సర్ వైపు జాక్‌లో టిప్, రింగ్ (జాక్ కొన, దాని పక్క వలయం) కలిపి సోల్డర్ చేశాను. సిగ్నల్ మిక్సర్‌లోకి తిరిగి వెళ్తుంది, ఇంటర్‌ఫేస్‌కీ వస్తుంది. ఆరు కేబుళ్లకి ఒక సాయంత్రం, ఒక కాలిన వేలు. దీనికి ఎనిమిది లైన్ ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ కావాలి, అసలు ఖర్చు అదే.

మిక్సర్ కూడా కొత్తగా కొనేవాళ్లు ఈ తంటా పడొద్దు, మల్టీట్రాక్ (ఒక్కో చానల్‌నీ విడిగా పంపే) యుఎస్‌బీ మిక్సర్ తీసుకోండి. ఒకటే కేబుల్. కాకపోతే యుఎస్‌బీ అన్న మాట చూసి మోసపోకండి. యమహా ఎంజీ10ఎక్స్‌యూ నుంచి కంప్యూటర్‌కి వెళ్లేవి రెండు చానళ్లే. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే 14 పంపుతుంది, బెరింగర్ ఎక్స్‌ఆర్18 అయితే 18.

ఇంట్లో, శ్రోతలు లేకుండా రికార్డు చేసేవాళ్లకైతే నన్నడిగితే మిక్సరే వద్దు. మైకులు నేరుగా ఇంటర్‌ఫేస్‌కే.

డిస్కు గురించి టెన్షన్ అక్కర్లేదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది ట్రాకులు గంటకి సుమారు 4 జీబీ. పాత ల్యాప్‌టాప్ కూడా మోస్తుంది. ఎటొచ్చీ చార్జర్ పెట్టగానే గుయ్‌మని హమ్ వస్తే, ముందు చార్జర్ పీకి బ్యాటరీ మీద చూడండి. మా దగ్గర దసరా రోజున దొరికిన దొంగ అదే.