విశాఖలో నిర్మాణ వ్యాపారం: సొంత పేరా, భాగస్వామ్యమా, ఎల్‌ఎల్‌పీయా, కంపెనీయా?

కొత్తగా కాంట్రాక్టులు పట్టాలనుకునేవాళ్లు ఆడిటర్ ఎదురుగా కూర్చోగానే "ఏది పెడితే పన్ను తక్కువ?" అని అడుగుతారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మీకు డబ్బు ఎవరి దగ్గర నుంచి రావాలి, రేపు తేడా వస్తే మీ మీదికి ఎవరొస్తారు అన్నది ముందు తేలాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వార్డుల్లో కాలువలు, సీసీ రోడ్లు వేసే మనిషికీ, మధురవాడలో స్థలం డెవలప్‌మెంట్‌కి తీసుకుని ఫ్లాట్లు అమ్మే మనిషికీ ఒకే జవాబు సరిపోదు.

మొదటి మనిషికి సొంత పేరు చాలు. పాన్, కరెంట్ ఖాతా, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. ఇంతకు మించి పెద్ద హంగామా ఉండదు. 10 లక్షల ప్రభుత్వ పని బిల్లు తీసుకోండి. 18 శాతం జీఎస్టీ వేరు. 10 లక్షల మీద వ్యక్తికయితే టీడీఎస్ (బిల్లు ఇచ్చేటప్పుడే ముందుగా కోసుకునే ఆదాయపు పన్ను) 1 శాతం, అంటే 10,000 పట్టుకుంటారు. ఫర్మ్‌కో కంపెనీకో అయితే 2 శాతం, 20,000. ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ టీడీఎస్ కింద మరో 20,000, కార్మిక సెస్ 10,000 ఎవరి బిల్లులోంచైనా పోతాయి. టీడీఎస్ తర్వాత సర్దుబాటవుతుంది, నిజమే. కానీ శనివారం కూలీలకు బట్వాడా చేయాల్సినవాడికి ఆ 10,000 తేడా చిన్నదేం కాదు. టర్నోవర్ 2 కోట్ల లోపయితే పుస్తకాల బాదరబందీ లేకుండా అందులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం లాభంగా చూపే వీలూ ఉంది. నగదు రాబడి 5 శాతం మించకపోతే ఈ హద్దు 3 కోట్లు. చిక్కల్లా ఒకటే: వ్యాపారం అప్పుకి ఇల్లు కూడా జవాబుదారీయే.

బావా బావమరుదులు, స్నేహితులు కలిసి దిగేది ఎక్కువగా భాగస్వామ్యంలోనే. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. స్టాంపు పేపరు మీద డీడ్ రాయించుకుని, ఫర్మ్ పేరుతో పాన్ తెచ్చుకుని, పని అయిపోయిందనుకుంటారు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు తప్పనిసరి కాదు కదా అని వదిలేస్తారు. 1932 భాగస్వామ్య చట్టంలోని 69వ సెక్షన్ ఒకసారి చదవండి. నమోదు కాని ఫర్మ్, ఒప్పందం ప్రకారం తనకు రావలసిన డబ్బు కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. బిల్డర్ మీ సెంట్రింగ్ పని బిల్లు 12 లక్షలు ఎగ్గొట్టాడనుకోండి, మీ చేతిలో సంతకం పెట్టిన ఒప్పందమున్నా కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. చట్టం ఇచ్చిన మినహాయింపుల్లో ఒకటి 100 రూపాయలు దాటని దావాలకు! దావా వేశాక నమోదు చేయించుకున్నా ఆ దావా నిలవదు. మళ్లీ కొత్తగా వేయాలి, ఈలోగా మూడేళ్ల గడువు దాటకూడదు. పైగా ఒక భాగస్వామి చేసిన అప్పుకి మిగతావాళ్లందరూ పూచీ. ఒకరు చనిపోతే, డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే, ఫర్మ్ అక్కడితో రద్దు. భాగస్వామ్యం పెడితే నమోదుతో సహా పెట్టండి, లేదంటే పెట్టకండి.

ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్లకు ఎల్‌ఎల్‌పీ, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రెండూ పనికొస్తాయి. ఎల్‌ఎల్‌పీ అంటే పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యం; ఈ రెండిటిలోనూ వ్యాపారం అప్పు మామూలుగా మీ సొంత ఆస్తి మీదికి రాదు. టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఎల్‌ఎల్‌పీకి చట్టరీత్యా ఆడిట్ అక్కర్లేదు. కంపెనీకి మొదటి రూపాయి నుంచీ ఏటా ఆడిట్ తప్పదు. అయితే ఎల్‌ఎల్‌పీకి పన్ను 30 శాతం, కంపెనీ కొత్త పన్ను పద్ధతి ఎంచుకుంటే 22 శాతం, రెండిటికీ సర్‌చార్జీ, సెస్ అదనం. రెండు మూడు కుటుంబాల డబ్బుతో ఒకే అపార్ట్‌మెంట్ వేస్తుంటే నేను ఎల్‌ఎల్‌పీ వైపే మొగ్గుతాను. బయటి పెట్టుబడి, వాటాల అమ్మకం మనసులో ఉంటే కంపెనీయే. పరిమిత బాధ్యత అని మురిసిపోకండి. బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు మీ సొంత హామీ సంతకం ఎలాగూ అడుగుతుంది.

ఏ పేరు పెట్టుకున్నా తప్పనివి కొన్ని. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఫ్లాట్లు 8, ఈ రెండు హద్దులూ దాటితే ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు ఖాయం. ఒకటే దాటితే రెరా ఆఫీసునే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు. కొనేవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా ధరలో 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. నిర్మాణ లోపాలకు అప్పగించినప్పటి నుంచి ఐదేళ్లు మీదే పూచీ. నమోదు చేయకుండా అమ్మితే జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు. కంపెనీ తప్పు చేస్తే దాన్ని నడిపే మనుషుల మీదికీ కేసు వస్తుంది. ఇక పనివాళ్లు 10 మంది ఉంటే ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), 20 మంది ఉంటే పీఎఫ్. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం పాత రిజిస్టర్లు మార్చుకోవాలి. ఒడ్డున సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో కట్టడాల మీద ఆంక్షలు), నేవీ ఎయిర్‌ఫీల్డ్ వైపు ఎత్తు పరిమితి, ఈ రెండూ స్థలం కొనకముందే చూసుకోవాలి, ప్లాను గీయించాక కాదు.

"ముందు సొంత పేరు, తర్వాత కంపెనీ" అనే దారి మంచిదే, కాకపోతే కంపెనీకి పాన్ కొత్తది. జీఎస్టీ నంబరు, పీఎఫ్ కోడ్, కాంట్రాక్టర్ క్లాసు నమోదు అన్నీ మళ్లీ మొదటి నుంచి. మీ పాత పేరు మీదున్న పని అనుభవ పత్రాలను కొత్త కంపెనీవిగా ఒప్పుకుంటారో లేదో, వేయబోయే టెండరు షరతుల్లో చూసుకున్నాకే మార్చండి.